గోయి త్రవ్వినవాడు ఎంతవరకు బాధ్యుడు?

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 21:33-34, ద్వితీయోపదేశకాండము 21:1-9, యెహెజ్కేలు 34:17-19, లూకా 3:10-14.

నిర్గమకాండము 21వ అధ్యాయములో మనము చదివి దాటిపోవు చిన్న కట్టడ యొకటి కలదు. ఒకడు గోయి త్రవ్వియో, ఉన్న గోతిమీది మూత తీసియో, దానిని మరల కప్పక విడిచినయెడల, పొరుగువాని ఎద్దుగాని గాడిదగాని అందులో పడి చచ్చినచో, ఆ గోతివాడు పశువు యజమానునికి దాని వెల చెల్లింపవలెను. చచ్చిన పశువు చెల్లించినవానిదగును. అంతే, రెండు వచనములు. సీనాయి కొండమీద అగ్నిలోనుండి మాటలాడిన దేవుడు పల్లెటూరి గోతినిగూర్చి కూడ మాటలాడెను. మన దృష్టికి చిన్నదైన సంగతి ఆయన దృష్టికి చిన్నది కాదు.

ఈ కట్టడను నిదానముగా చదివినయెడల మూడు సంగతులు తెలియును. మొదటిది, గోయి త్రవ్వవద్దని దేవుడు చెప్పలేదు. నీటికొరకు, ధాన్యము దాచుటకొరకు గోయి కావలెను. రెండవది, గోతివాడు ఎద్దును త్రోయలేదు. అది తన కాళ్లతోనే నడచి వచ్చి పడెను. ఆ సమయమున గోతివాడు తన యింట నిద్రించుచుండవచ్చును. అయినను నష్టము వానిదే. మూడవది, తప్పు త్రవ్వుటలో లేదు, కప్పకుండుటలో ఉన్నది. నేలను తెరచినవాడు దానిని మరల మూయువరకు దానికి బాధ్యుడు.

ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుదము. ఎద్దు గోతిలోనికి వచ్చుటకు బదులు, గోతిలోనుండి తీసిన మన్నే బయలుదేరి పొరుగువాని యింటికి పోయినయెడల ఏమి చెప్పవలెను? ఒకడు పునాది త్రవ్వి మన్ను కుప్ప పోసెను. రాత్రి వాన కురిసెను. మన్ను కరిగి, వీధిలో ప్రవహించి, కాలువను పూడ్చి, పల్లమందున్నవాని వాకిటికి మురుగునీరు తెచ్చెను. అప్పుడు బాధ్యుడెవడు? వానయా, మనుష్యుడా? ఈ ప్రశ్న ఇంజనీర్లది మాత్రమే అని తలంపవద్దు. అది మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న.

తార్నాకలో ఎర్రనీరు

మన పల్లెలనుండి హైదరాబాదులోని తార్నాకకు రెండు విధములైనవారు పోవుచున్నారు. పుస్తకములు చేతబట్టుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుకొన పోవువారు కొందరు. పార, గడ్డపార, తట్ట పట్టుకొని అక్కడి పునాదులు త్రవ్వ పోవువారు కొందరు. ఒక్కొక్కప్పుడు అన్న పునాది త్రవ్వుచుండగా తమ్ముడు తరగతిలో కూర్చుండును. కావున ఆ చోటిని ఉదాహరణముగా తీసికొందము.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడెను. అడిక్‌మెట్ ప్రాంతమున దాని ఆవరణము వేయి ఎకరములకు మించినది. అక్కడి ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1934లో పునాది వేసిరి. 1939 డిసెంబరులో అది ప్రారంభింపబడెను. గులాబివన్నె గల రాతితో కట్టిన ఆ భవనమును చూచి సంతోషింపనివారు అరుదు. దాని ప్రక్కనే తార్నాక. 1958లో జాతీయ పోషకాహార సంస్థ కూనూరునుండి అక్కడికి వచ్చెను. రసాయన పరిశోధనశాలయు సమీపముననే యున్నది. 2017 నవంబరు 29న తార్నాకమీదుగా మెట్రో రైలు నడచుట మొదలాయెను. ఇవన్నియు మంచివే. అయితే వీటిలో ఏ ఒక్కదానిని కట్టుటకైనను మొదట నేలను తెరవవలసియుండెను.

హైదరాబాదు నేల రాతినేల. బహు ప్రాచీనమైన ఆ రాయి ఎండకు వానకు క్రమముగా విరిగి, పొడియై, మొరమై, ఎర్రమన్నైనది. ఆ మన్నును పట్టుకొనియుండునవి గడ్డివేళ్లు, చెట్లవేళ్లు. జేసీబీ యంత్రము ఒక పూటలో ఆ వేళ్లను పెరికివేయును. అటు తరువాత నేలకు కప్పు లేదు. ఆ నగరములో సంవత్సరమునకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. అందులో ఎక్కువ భాగము జూన్‌నుండి సెప్టెంబరువరకే పడును. చినుకు బోడినేలమీద సుత్తివలె పడి గడ్డలను చితకగొట్టును. చితికిన మన్ను నీటితో కలిసి పారును. బరువైన ఇసుక త్వరగా దిగిపోయి కాలువ అడుగును నింపును. సన్నని బంకమన్ను మాత్రము దిగక బహుదూరము పోవును. వానకాలములో కట్టుబడి జరుగు వీధిలో ఎర్రనీరు పారుటను చూచినవారు, ఆ ఎరుపు ఎక్కడిదని అడుగుట అరుదు.

ఆ నీరు ఎక్కడికి పోవును? చిన్న కాలువలోనుండి నాలాలోనికి, నాలాలోనుండి మూసీలోనికి. మూసీ తూర్పునకు ప్రవహించి, సూర్యాపేట సమీపమున 1963లో పూర్తియైన మూసీ ప్రాజెక్టు జలాశయములో నిలిచి, అటు పిమ్మట వాడపల్లివద్ద కృష్ణానదిలో కలియును. కావున తార్నాకలో కప్పక విడిచిన మన్ను తార్నాక సంగతి మాత్రమే కాదు. పట్టణములో తెరచిన నేల పల్లెలో సేద్యము చేయువాని నీటిలోనికి దిగుచున్నది.

వానను నిందింపవచ్చునా?

మనుష్యుడు నేరము మోపబడగానే మరియొకనిని చూపించును. ఆదాము హవ్వను చూపెను, హవ్వ సర్పమును చూపెను. మన్ను కొట్టుకొనిపోయినవాడు ఆకాశమును చూపును. "వాన దేవుడిచ్చినది గదా, నేనేమి చేయుదును?" అనును.

ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలమంది ప్రాణములు తీసెను. దానిని ఏ యొక్క మనుష్యుని లెక్కలోను వేయలేము. మనుష్యుని శక్తికి మించిన వానలు కలవు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదులోను చుట్టుప్రక్కలను కురిసినది అట్టి వానయే. ఘటకేసరు ప్రాంతమున ఒక్క దినములో 30 సెంటీమీటర్లకు మించి పడెను. తార్నాకకు చేరువనున్న హబ్సిగూడ, రామంతాపూర్ వీధులలోని యిండ్లలోనికి నీరు వచ్చెను. అంత నీటిని ఎట్టి కాలువయు సుళువుగా మోయజాలదు.

అయితే వాన ఎంత పడునో మన చేతిలో లేకపోయినను, ఆ వాన పడునప్పటికి కాలువ సగము మన్నుతో నిండియుండుట మన చేతి పనియే. ఇదివరకే పూడినదానిలో సామాన్యమైన వానయే వరదయగును. నిర్గమకాండములోని ఎద్దు సంగతి మరల తలంచుడి. ఎద్దు నడచుట దాని స్వభావము. పల్లమునకు పారుట నీటి స్వభావము. ఎద్దు నడచునని తెలిసియు గోయి కప్పనివాడు ఎట్లు తప్పించుకొనలేడో, జూన్ నెలలో వాన వచ్చునని తెలిసియు మన్ను కప్పనివాడు అట్లే తప్పించుకొనలేడు. తెలియని ఆపద వేరు, ప్రతి సంవత్సరము అదే నెలలో వచ్చు వాన వేరు.

కట్టడలు ఏమి చెప్పుచున్నవి?

నగరములో ఈ విషయమైన కట్టడలు ఒకే పుస్తకములో లేవు, వేర్వేరు ఉత్తరువులలో చెదరియున్నవి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చెను. జనులు దానిని వాల్టా అందురు. నీటిని, చెట్లను మాత్రమే గాక నేలను కాపాడుటయు దాని ఉద్దేశ్యము. 2012 ఏప్రిల్ 7న వెలువడిన భవన నిర్మాణ నియమములు చెరువులకు, కాలువలకు హద్దులు ఏర్పరచెను. 10 హెక్టార్లు గాని అంతకు మించి గాని విస్తీర్ణము గల చెరువైతే పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు, హద్దు నిర్ణయింపబడిన నాలాకు 2 మీటర్లు కట్టడము లేకుండ విడువవలెను. ఆ విడిచిన చోటను పచ్చగా ఉంచవలెను. ఏల? గడ్డి గల నేల నీటిని మెల్లగా నడిపించి మన్నును పట్టుకొనును. సెల్లారు త్రవ్వువాడు పొరుగువాని సరిహద్దునుండి దూరముగా త్రవ్వవలెనని కూడ అందులో కలదు. పొరుగువాని సరిహద్దు రాయి జరుపవద్దని మోషే చెప్పిన దినమునుండి ఈ తలంపు మనకు క్రొత్తది కాదు.

2016 మార్చిలో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములు, కట్టుబడి వ్యర్థములను త్రోవకును కాలువలకును అడ్డముగా వేయరాదనెను. 2018 జనవరిలో వచ్చిన మరి కొన్ని నియమములు, గాలి చెడిన పట్టణములలో ధూళి అణచు ఏర్పాటు లేకుండ నేల త్రవ్వరాదనియు, వదులుగా నున్న మన్నును ఇసుకను కప్పకుండ ఉంచరాదనియు ఆజ్ఞాపించెను. ఆ "కప్పకుండ" అను మాటను గమనించుడి. నిర్గమకాండములో గోతివాని తప్పు కూడ అదే. ఢిల్లీలో ఉత్తరువు వ్రాసినవారు మోషేను తలంచిరో లేదో గాని, నేలను పరిశీలించిన ప్రతివాడు చేరునది ఆ చోటికే.

ఇతర దేశములలోను ఇదే జరిగెను. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున వొల్మన్, షిక్ అను ఇరువురు 1967లో కట్టుబడి జరుగు స్థలములనుండి కొట్టుకొనిపోవు మన్నును లెక్కించి ప్రకటించిరి. సేద్యపు భూమిలో పోవు మన్నుకంటె అది ఎన్నో రెట్లు ఎక్కువైయుండెను. 1970లో ఆ రాష్ట్రము దానికొరకు చట్టము చేసెను. తరువాత ఆ దేశమంతట ఒక ఎకరము గాని అంతకు మించి గాని నేల తెరచువాడు, మన్ను తన స్థలము దాటకుండ ఏమి చేయునో ముందుగా వ్రాసి చూపవలెనను నియమము వచ్చెను.

ఆ ఏర్పాట్లు వినినయెడల పల్లెటూరి రైతు నవ్వును, అవి అంత తెలిసిన సంగతులు. వానకు ముందు నేల తెరవకుము. తెరచినను మూయగలిగినంతయే తెరువుము. పైనుండి వచ్చు నీటిని త్రవ్విన చోటికి రానీయక ప్రక్కకు మళ్లించుము. పల్లపు వైపున ఇసుక నింపిన గోనెసంచులో, గుడ్డ తెరయో అడ్డము పెట్టుము. నీరు బయటికి పోకముందు ఒక గుంటలో నిలిచి మన్ను దిగునట్లు చేయుము. పైమన్నును వేరుగా కుప్ప పోసి, పని ముగిసిన పిమ్మట మరల పరచుము. లారీ చక్రముల మన్ను వీధికెక్కకమునుపే కడుగుము. పని అయిన వెంటనే గడ్డి నాటుము. ఇంతకంటె గొప్ప రహస్యము లేదు.

ప్రేమ చాలదా, కట్టడ ఎందుకు?

విశ్వాసులలో కొందరు ఇట్లడుగుదురు: "మనము ధర్మశాస్త్రము క్రింద లేము, కృప క్రింద ఉన్నాము. పొరుగువానిని ప్రేమించువాడు వానికి కీడు చేయడు. ప్రేమ ఉండగా ఈ మీటర్లు, ఈ సెంటీమీటర్లు ఎందుకు?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ప్రేమ పొరుగువానికి కీడు చేయదని పౌలు రోమీయులకు వ్రాసెను. అది సత్యము.

అయితే ప్రేమకు ఒక కష్టము కలదు. మంచి సమరయుడు త్రోవలో పడియున్నవానిని చూచెను, చూచి జాలిపడెను. మన్ను సంగతి అట్లు కాదు. తార్నాకలో పునాది త్రవ్వువాడు, నాలా ప్రక్క రేకుల యింటిలో అర్ధరాత్రి మంచముమీద పిల్లలను నిలువబెట్టి చీపురుతో నీరు తోయుచున్న తల్లిని ఎన్నడును చూడడు. మూసీ ఆయకట్టులో పూడిన కాలువను పారతో తీయుచున్న రైతును చూడడు. చూడనివానిమీద జాలి ఎట్లు పుట్టును? ఆ దినమున వాని హృదయము కఠినమైనదని చెప్పలేము. వాని కన్ను అంత దూరము పోలేదు, అంతే. కట్టడ అక్కడ సహాయమునకు వచ్చుచున్నది. మన కంటికి కనబడని పొరుగువానికి ప్రేమ చూపు త్రోవయే కట్టడ. ప్రేమకు బదులు గాదు, ప్రేమకు చూపు.

రెండవ కష్టము ఇంకను పెద్దది. ఒక గోయి, ఒక ఎద్దు అయినయెడల ఎవని గోయియో అందరికి తెలియును. నాలాలో దిగిన పూడిక ఎవనిది? నూరు స్థలములనుండి నూరు తట్టల మన్ను వచ్చినది. ప్రతివాడును "నాది ఒక్క తట్టయే" అనును. ప్రతివాడును చెప్పినది నిజమే. అయినను కాలువ పూడినది, ఇల్లు మునిగినది. హాని ఉన్నది, హాని చేసినవాడు లేడు. ఇట్టి సమయమున దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నది?

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము తెరువుడి. పొలములో ఒకడు చంపబడి పడియున్నాడు, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు "ఎవరో చేసిరి, మనకేమి" అని పోవుటకు వీలులేదు. పెద్దలు వచ్చి, ఆ స్థలమునుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు సమీపమో ఆ ఊరి పెద్దలు ఏరు పారు లోయకు పోయి, దేవునియెదుట ఆ సంగతిని తమమీద వేసికొని, క్షమాపణ వేడవలెను. నేరస్థుడు తెలియనప్పుడు నేరము ఆవిరియైపోదు, అది సమాజము వాకిట నిలుచును. కొలబద్ద పట్టుకొనుట పెద్దల పని. నేటి దినమున నాలాకు ఇన్ని మీటర్లు, చెరువుకు ఇన్ని మీటర్లు అని కొలుచుట, నేరస్థుడు దొరకని హానిని సమాజము తనమీద వేసికొను విధమే. కావున కట్టడను ఉల్లంఘించువాడు కాగితమును మాత్రమే ధిక్కరించుటలేదు, అందరు కలిసి మోయుచున్న బరువునుండి తన భుజము తీసివేయుచున్నాడు.

గొఱ్ఱెకును గొఱ్ఱెకును మధ్య

యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు కాపరులను గద్దించిన పిమ్మట మందవైపు తిరిగెను. బలిసిన గొఱ్ఱెలు తేటనీరు త్రాగి, మిగిలిన నీటిని కాళ్లతో కలకచేయుచున్నవి. వెనుక వచ్చు బక్క గొఱ్ఱెలు ఆ బురదనీరు త్రాగవలసి వచ్చుచున్నది. ఇక్కడ తోడేలు లేదు, దొంగ లేడు. మందలోని గొఱ్ఱెయే మందలోని గొఱ్ఱెకు హాని చేయుచున్నది. అదియు పగతో కాదు, తన దప్పి తీరిన తరువాత వెనుకనున్నవారిని తలంపకపోవుటచేత. దేవుడు గొఱ్ఱెకును గొఱ్ఱెకును మధ్య తీర్పు తీర్చుదునని చెప్పుట ఇందుకే.

ఆ బురద ఎవరి పాలు పడుచున్నది? పల్లమున ఇల్లు చౌక గనుక బీదవాడు పల్లమున ఉండును. పూడినదానిని తీయవలసినవాడును బీదవాడే. మురుగు కాలువలలోను, మ్యాన్‌హోళ్లలోను మనుష్యులను దింపు అపాయకరమైన పనిని 2013లో పార్లమెంటు చట్టముచేత నిషేధించెను. అయినను పూడిక తీయు చేతులు ఇంకను ఏ కులములనుండి, ఏ వాడలనుండి వచ్చుచున్నవో మన సంఘములకు ఒకరు చెప్పనక్కరలేదు. వారిలో మన బిడ్డలును కలరు. మీదివాడు కప్పక విడిచిన మన్నును క్రిందివాడు చేతులతో ఎత్తుచున్నాడు. మనము ఈ సంగతిని దేవుని వాక్యపు వెలుగులో చూడవలసినది ఇందుచేతనే.

కూలివాడు ఏమి చేయవలెను?

ఇప్పుడు మరింత దగ్గరకు వత్తము. మనలో మేడలు కట్టించువారు కొద్దిమంది, వాటి పునాదులు త్రవ్వువారు బహుమంది. మేస్త్రీ వచ్చి, "ఈ మన్ను తీసి ఆ నాలాలో పోయుము" అనును. కాదన్న కూలివానికి రేపు పని దొరకదు. వాని యింట పొయ్యి వెలుగదు. వానితో మనము ఏమి చెప్పవలెను? ఉద్యోగము, జీతము గలవారు ఆ జీతము లేనివానికి ధైర్యము బోధించుట సుళువు.

బాప్తిస్మమిచ్చు యోహాను యొద్దకు సుంకరులు, సిపాయిలు వచ్చి "మేమేమి చేయవలెను?" అని అడిగిరి. వారి పనిలోనే అన్యాయము కలిసియుండెను. అయినను యోహాను పని మానుడని చెప్పలేదు. నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దని ఒకరికి, బలాత్కారము చేయవద్దని మరియొకరికి చెప్పెను. అనగా నీ చేతిలో ఎంత ఉన్నదో అంతలో న్యాయము చేయుమని భావము. కూలివాని చేతిలో ఏమి ఉన్నది? ఒక నోటి మాట ఉన్నది: "అయ్యా, వాన వచ్చునట్లున్నది, ఈ కుప్పను ఇవతల పోసి పట్టా కప్పుదుమా?" నలుగురు కలిసి చెప్పినయెడల ఆ మాటకు బరువుండును. అదియు వినబడకపోయినయెడల, ఎక్కువ పొందినవానియొద్దనే ఎక్కువ అడుగబడునని ప్రభువు సెలవిచ్చిన మాట కలదు. కట్టించు యజమానుని లెక్క వేరు, కంట్రాక్టరు లెక్క వేరు, చూచియు చూడక సంతకము పెట్టిన అధికారి లెక్క వేరు, తట్ట మోసినవాని లెక్క వేరు. దేవుని త్రాసు ఆ తేడాను ఎరుగును. మన సంఘములును ఎరుగవలెను.

కట్టడలును ఆ తేడాను ఎరుగవలెను. అరువది గజములలో గుడిసె తీసి గది కట్టుకొనువానిని, పది అంతస్తులు లేపువానిని ఒకే కొలతతో కొలుచుట న్యాయము కాదు. బీదవాని పునాదికి నాలుగు గోనెసంచులు, ఒక పాత పట్టా చాలును. పెద్దవానికి గుంట, తెర, గోడ అన్నియు కావలెను. చిన్నవానిని పట్టుకొని పెద్దవానిని విడుచు కట్టడ కాగితముమీద నీతిగా ఉన్నను వీధిలో అన్యాయమగును.

మన యూళ్లలో

పట్టణమువారిని చెప్పి మనము తప్పించుకొనరాదు. దున్నుటయు నేలను తెరచుటయే. 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అను శాస్త్రజ్ఞులు లెక్కించినదాని ప్రకారము, మన దేశములో సగటున హెక్టారునకు ఏటేట 16.4 టన్నుల మన్ను కదలిపోవుచుండెను. హెక్టారు అనగా సుమారు రెండున్నర ఎకరములు. కదలిన దానిలో నూటికి 29 పాళ్లు సముద్రము పాలు, 10 పాళ్లు జలాశయముల పాలు అని వారు చెప్పిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పొలములలో బహుకాలము పరిశీలించి చూడగా, పాత పద్ధతిలో హెక్టారునకు 6.6 టన్నుల మన్ను పోవుచోట, వాలుకు అడ్డముగా వెడల్పైన మడులు, సాళ్లు తీసి, గడ్డి పెంచిన కాలువలలో నీటిని నడిపినయెడల 1.5 టన్నులే పోయెను. పంటయు ఎన్నో రెట్లు పెరిగెను. మన్నును నిలుపుకొనినవాడు అన్నమును నిలుపుకొనును.

2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46,000కు పైగా చెరువులను బాగుచేయదలచిరి. పూడిక తీసి ట్రాక్టర్లతో పొలములకు తోలుకొనిన రైతులను మనము చూచితిమి. మంచి పని. అయితే ఆ పూడికలో కొంత ఒకప్పుడు మన పొలములమీదనున్న పైమన్నే. ఒక అంగుళము మంచి మన్ను ఏర్పడుటకు వందల సంవత్సరములు పట్టును. అది పోవుటకు కొన్ని వానకాలములు చాలును.

1939లో, ఆర్ట్స్ కళాశాల భవనము పూర్తియగుచున్న ఆ సంవత్సరమే, జూన్ నెలలో వాల్టర్ లౌడర్‌మిల్క్ అను అమెరికా నేల శాస్త్రజ్ఞుడు యెరూషలేము రేడియోలో మాటలాడెను. అతడు అంతకుముందు చైనాలో కొట్టుకొనిపోయిన కొండలను, పాలస్తీనాలో బోడియైన గుట్టలను చూచినవాడు. నేలను నమ్మకముగా కాపాడి తరువాతి తరమునకు అప్పగించుమను తన పిలుపునకు పదకొండవ ఆజ్ఞ అని పేరు పెట్టెను. దేవుని పది ఆజ్ఞలకు మనుష్యుడు ఒకటి చేర్చుట అవసరమా అని మనము అడుగవచ్చును. ఏలయనగా పొరుగువానిని ప్రేమించుమను ఆజ్ఞలోనే, ఇంకను పుట్టని పొరుగువాడును ఉన్నాడు. భూమి నాది అని లేవీయకాండము 25వ అధ్యాయములో దేవుడు సెలవిచ్చినప్పుడే, దానిని చెడగొట్టి అప్పగించు హక్కు మనకు లేదని తేలిపోయినది.

దున్నువాడు ఎల్లప్పుడు దున్నుచునే యుండడనియు, నేల చదునుచేసి విత్తుననియు, ఆ వివేకము దేవుడే వానికి నేర్పెననియు యెషయా 28వ అధ్యాయము చెప్పుచున్నది. తెరచిన నేలను మూయుటవరకు ఒకే పని. విత్తక విడిచిన దుక్కి, కప్పక విడిచిన గోయి రెండును సగము చేసిన పనులు.

కావున ప్రియులారా, ఈ వానకాలమునకు ముందు ప్రతి సంఘపు పెద్దలు మూడు సంగతులు ఆలోచింపవలెనని వేడుకొనుచున్నాను. మందిరమునకుగాని ప్రహరీగోడకుగాని నేల త్రవ్వదలచినచో, వానలు వెలిసినవరకు ఆగగలమా అని మొదట అడుగుడి. ఆగలేనిచో మన్ను ఏ వైపునకు పారునో చూచి, ఆ వైపున నున్న యింటివారితో మాటలాడి, అడ్డుకట్ట వేసిన తరువాతనే పార పట్టుడి. పని ముగిసిన దినమున కృతజ్ఞతా ప్రార్థన చేయకముందు, తెరచిన నేలను కప్పి గడ్డి నాటుడి. పట్టణమునకు పనికి పోవు యౌవనులకు ఈ సంగతి చెప్పుడి. చదువుకొన పోవు బిడ్డలకును చెప్పుడి. రేపు ఆ స్థలములకు అనుమతి వ్రాయువారు వారిలోనుండియే రావచ్చును.

మన్నునుండి మనలను నిర్మించిన దేవుడు, మన కాళ్ల క్రిందనున్న మన్నునుగూర్చియు, దాని క్రింది పల్లమున నివసించు పొరుగువానినిగూర్చియు మనకు మెలకువగల మనస్సాక్షిని అనుగ్రహించునుగాక. ఆమేన్.